బండి ఎవరి పేరున ఉంది?

మెట్ట కృష్ణాలో ఆడవాళ్ళ ప్రయాణాల గురించి రాసిపెట్టినవాళ్ళు లేరు. జమీందార్ల పల్లకీలకీ, దేవుళ్ళ ఊరేగింపులకీ చరిత్ర దొరుకుతుంది గానీ, చందర్లపాడు నుంచి పుట్టింటికి బయల్దేరిన ఒక కోడలు ఎలా వెళ్ళింది, తోడు ఎవరు వెళ్ళారు, దారిలో ఎక్కడ ఆగింది అన్నవి ఏ కాగితంలోనూ కనిపించవు. ఇప్పుడా కొరత తీరిపోయింది. ఒక స్త్రీ ఎన్నింటికి బయల్దేరింది, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగింది, ఎంత వేగంగా నడిపింది, ఎన్నిసార్లు గట్టిగా బ్రేకు వేసింది, అన్నీ పూసగుచ్చినట్టు నమోదవుతున్నాయి. రాస్తున్నది ఆమె నడిపే కారు. చదువుతున్నది ఎవరన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

వాహనానికీ ఆడవాళ్ళ మీద నిఘాకీ ఉన్న సంబంధం కంప్యూటర్లతో మొదలు కాలేదు. 1909లో అచ్చయిన దక్షిణ భారత కులాలు-తెగల సంపుటాల్లో ఎడ్గర్ థర్‌స్టన్ కమ్మవారిలో ‘ఇల్లువెళ్ళని’ శాఖ ఒకటుందని, వాళ్ళ స్త్రీలు ఘోషాలో ఉంటారని రాశాడు. ఒక శాఖ పేరే ఆడవాళ్ళ గడప మీద పుట్టింది! అలాంటి ఇళ్ళ ఆడవాళ్ళు కదిలితే గూడు బండి, దానికి ముందూ వెనకా తెర. ఆ తెర ఆమెను ఊరి కంట పడకుండా ఆపేది. బండి తోలే పాలేరుకీ, తోడు వచ్చిన మరిదికీ, ఇంట్లో మామగారికీ మాత్రం ఆమె ఎక్కడికి వెళ్ళిందో, ఎప్పుడొచ్చిందో తెలిసేది. అంటే ఆ తెర కాపాడింది ఇంటి పరువుని. ఆమె ఏకాంతాన్ని కాదు. అదే దారిలో మిరప చేలకు నడిచిపోయే మాల, మాదిగ స్త్రీలకు బండీ లేదు, తెరా లేదు. వాళ్ళను ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా ఆపి అడగొచ్చు. ఒకరికి బయటివాళ్ళ చూపు తగలకూడదు, ఇంకొకరికి ఏ చూపు నుంచీ రక్షణ లేదు. ఇద్దరిలో ఎవరికీ తనదైన చాటు అనేది లేదు.

మన భాషలోనే ఈ చిక్కుంది. ‘ప్రైవసీ’కి మనం గోప్యత అంటాం, ఆంతరంగికత అంటాం, ఏకాంతం అంటాం. ఇంట్లో వాడుకలో ఉన్న మాట మాత్రం ‘రహస్యం’. ఆడదానికి రహస్యం ఉందంటే తప్పు చేసిందనే అర్థం. ‘దాచుకునేది ఏముంది?’ అన్న ప్రశ్న కార్ల కంపెనీలు పుట్టక ముందే మన వంటిళ్ళలో పుట్టింది.

నందిగామ దాటాక మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో 1874లో భండారు అచ్చమాంబ పుట్టింది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన మన తొలి స్త్రీ చరిత్రకారిణి ఈ మెట్ట ప్రాంతపు ఆడపడుచు. పదేళ్ళకే పెళ్ళయింది, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని చదువు నేర్చుకుంది, 1902లో ఓరుగంటి సుందరీ రత్నమ్మతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజం పెట్టింది. ఆ తరం స్త్రీలకు అక్షరం ఎందుకంత ముఖ్యమైందో ఆలోచిస్తే నాకు ఉత్తరాలే గుర్తొస్తాయి. చదువు రాని స్త్రీకి పుట్టింటి నుంచి ఉత్తరం వస్తే ఎవరో ఒకరు చదివి పెట్టాలి. జవాబు ఎవరో రాసిపెట్టాలి. తల్లికి చెప్పుకోవలసిన బాధ అత్తవారింటి మగవాడి నోటి మీదుగా, చేతి మీదుగా పోవాలి. అక్షరం రావడమంటే తన మాటకి మధ్యవర్తి లేకుండా చేసుకోవడం. స్త్రీ విద్య గురించి మనం రాసుకున్న చరిత్రల్లో ఈ కోణానికి తగినంత చోటు ఇవ్వలేదనుకుంటాను.

ఉత్తరం తర్వాత అంత స్వేచ్ఛనిచ్చింది బస్సు. 1958లో ఏర్పడిన ఆర్టీసీ గురించి మన సాహిత్యంలో బోలెడంత ఉంది: ఆలస్యాలు, రద్దీ, వెకిలి చేష్టలు. వాటిని కాదనను. కానీ బస్సు టికెట్టు మీద పేరు ఉండదు. ఎక్కిన ఊరు, దిగే ఊరు, డబ్బు, అంతే. నందిగామలో దిగిన స్త్రీ ఆస్పత్రికి వెళ్ళిందా, స్నేహితురాలి ఇంటికి వెళ్ళిందా, సినిమాకు వెళ్ళిందా అన్నది ఆ టికెట్టు చెప్పదు. ఇంటికొచ్చి ఆమె ఏది చెబితే అది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘స్త్రీ శక్తి’ ఉచిత ప్రయాణానికి గుర్తింపు కార్డు చూపించాలి, నిజమే. అయినా కండక్టరు చూసి సున్నా టికెట్టు చేతిలో పెడతాడు గానీ, ఆమె ఎక్కడ దిగి ఎటు నడిచిందో ఎవరి ఫోనుకూ కబురు పంపడు.

కారు పంపుతుంది.

వాహనానికి జ్ఞాపకం పెట్టే పని అమెరికాలో జనరల్ మోటార్స్ 1996లో ప్రకటించిన ఆన్‌స్టార్‌తో పుంజుకుంది. ప్రమాదం జరిగితే సాయం రావాలి, దొంగతనం జరిగితే కారు దొరకాలి, అలా మొదలైంది. మన దేశంలో 2019ని మలుపుగా చెప్పుకోవచ్చు. ఆ ఏడాది హ్యుందాయ్ వెన్యూ, ఎంజీ హెక్టర్ వచ్చాయి. ఆగస్టులో కియా సెల్టోస్ వచ్చింది. అది తయారైంది మన పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీలోనే. కారు లోపలే ఒక సిమ్ ఉంటుంది. ఉపగ్రహాల ద్వారా కారు తనెక్కడుందో తెలుసుకుంటుంది, ఆ సిమ్ ద్వారా కంపెనీ సర్వర్‌కు చెబుతుంది, అక్కడి నుంచి ఖాతాదారు ఫోన్లోని యాప్‌కు చేరుతుంది. కారు ఇప్పుడెక్కడుంది, నిన్నెక్కడ తిరిగింది, నడిపిన తీరుకి ఎన్ని మార్కులు, అన్నీ అందులో చూడొచ్చు. మ్యాపు మీద గీత గీసి, ఆ గీత దాటితే హెచ్చరిక వచ్చేలా పెట్టుకునే సౌకర్యం కూడా ఉంది. దాన్ని భద్రత కింద అమ్ముతారు. మా అమ్మమ్మల కాలంలో ఆ గీతని గడప అనేవాళ్ళు.

మన దగ్గర ఈ పనికి అంత ఖరీదైన కారు కూడా అక్కర్లేదు. విజయవాడ నుంచి హైవే మీద నందిగామకొచ్చి చందర్లపాడుకు తిరగాలంటే కీసర టోల్‌గేటు దాటాలి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక, కారు గేటు దాటగానే ఎంత కోశారో, ఏ గేటు దగ్గరో ఖాతాదారు ఫోనుకి మెసేజ్ వస్తుంది. భార్య నడిపినా, ఖాతా భర్త నంబరుతో ఉంటే కబురు ఆయనకే. ఒకప్పుడు ఏపీ 16 అని నంబరు ప్లేటు చూసి మన కృష్ణా జిల్లా బండి అనుకునేవాళ్ళం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒక్కటే అయింది. ప్లేటు ఊరిని దాచిపెట్టిన ఆ కాలంలోనే కారు మాత్రం వీధి మలుపులతో సహా చెప్పడం మొదలుపెట్టింది.

నాకు తెలిసిన ఒకామె జూనియర్ కాలేజీలో లెక్చరర్. చందర్లపాడు పక్క ఊళ్ళో తండ్రి భూమి ఉంది. నదికి అవతల అమరావతి రాజధాని అన్న దగ్గర్నుంచీ ఇవతల భూములకు కూడా లెక్కలు మారాయి. ఆడపిల్లకి పుట్టుకతో ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చిన చట్టం దేశం మొత్తానికి 2005లో వచ్చింది గానీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లోనే తెచ్చింది. 2022 నుంచి ఈ ప్రాంతం ఆయన పేరుతో ఉన్న జిల్లాలోనే ఉంది! అయినా వాటా అడగడమంటే అన్నదమ్ములతో తెగతెంపులు చేసుకోవడమేనన్న భయం పోలేదు. ఆమె అడగాలని నిర్ణయించుకోలేదు కూడా. తెలుసుకుందామని ఒకరోజు కాలేజీ అయ్యాక నందిగామలో ఒక వకీలు దగ్గరికి వెళ్ళింది. ఇంటికి చేరేలోపే భర్త ఫోను: “నందిగామలో ముప్పావుగంట ఎక్కడాగావు?” కోపంగా అడగలేదట. మామూలుగా, పాలు తెచ్చావా అన్నట్టు అడిగాడట. కారు ఆయన పేరున ఉంది, యాప్ ఆయన ఫోన్లో ఉంది. ఆయన భార్య వెంట పడలేదు, వెంట పడవలసిన అవసరమే లేకపోయింది. తర్వాతిసారి ఆమె కారు బస్టాండు దగ్గర వదిలి ఆటోలో వెళ్ళింది. కారు అక్కడ గంటన్నర ఆగి ఉందని యాప్ చెప్పింది. మూడోసారి కారు ఇంట్లో పెట్టి, చందర్లపాడులో బస్సెక్కింది.

“అక్కా, కారు నేర్చుకున్నది బస్సు కోసం ఎదురుచూడకూడదనే కదా” అంది నాతో.

ఇది ఒక ఇంటి వ్యవహారం అనిపిస్తే, కంపెనీల సంగతి చూడండి. 2023 సెప్టెంబరులో మొజిల్లా ఫౌండేషన్ 25 కార్ల బ్రాండ్ల గోప్యతా పత్రాలు చదివి ఒక్కదానికి కూడా పాస్ మార్కులు వెయ్యలేదు. వాటిలో 84 శాతం, వాడకందార్ల సమాచారాన్ని ఇతరులతో పంచుకుంటామని ఆ పత్రాల్లోనే రాసుకున్నాయి. అమెరికా వాడకందార్ల కోసం రాసిన పత్రాల్లో నిస్సాన్ లైంగిక కార్యకలాపాల సమాచారం గురించీ, కియా లైంగిక జీవితం గురించీ ప్రస్తావించాయి. అంతకన్నా నన్ను ఆపేసింది సుబారు పత్రం. కారులో ప్రయాణికురాలిగా కూర్చుంటే చాలు, సమాచారం వాడుకోవడానికి సమ్మతించినట్టేనని దాని సారాంశం. పక్క సీట్లో కూర్చోవడమే సమ్మతి! పెళ్ళిపీటల మీద కూర్చోవడమే జీవితాంతం అన్నింటికీ సమ్మతి అనే న్యాయశాస్త్రంలో పెరిగినవాళ్ళం మనం. ఈ తర్కం మనకి వివరించి చెప్పనవసరం లేదు.

జనరల్ మోటార్స్ డ్రైవర్ల నడవడిక వివరాలను డేటా వ్యాపారులకు అమ్మిందనీ, అవి బీమా కంపెనీల దాకా చేరి కొందరి ప్రీమియంలు పెరిగాయనీ 2024లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. కొన్ని వివరాలు మూడేసి సెకన్లకు ఒకసారి సేకరించారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఆరోపించింది. టెస్లా ఉద్యోగులు 2019 నుంచి 2022 దాకా వాడకందార్ల కార్ల కెమెరాలు తీసిన దృశ్యాలను తమలో తాము పంచుకుని నవ్వుకున్నారని రాయిటర్స్ 2023లో రాసింది. మన ప్రభుత్వమూ వెనకబడలేదు. వాహన రిజిస్ట్రేషన్ వివరాలను మూకుమ్మడిగా అమ్మే విధానాన్ని కేంద్ర రవాణా శాఖ 2019లో తెచ్చింది. 87 ప్రైవేటు సంస్థలకు అందుబాటు ఇచ్చామని, 65 కోట్ల రూపాయలు వచ్చాయని ఆ జులైలో పార్లమెంటులోనే చెప్పారు. 2020లో ఆ విధానాన్ని రద్దు చేశారు. అప్పటికే అమ్ముడుపోయిన వివరాలను వెనక్కి రప్పించే మార్గం ఎవరి దగ్గరా లేదు.

గోప్యత పాశ్చాత్యుల విలాసమని, మన కుటుంబాలకు నప్పదని అనేవాళ్ళకు గుర్తు చేయవలసింది మన హైకోర్టు చరిత్ర. 1983లో సరిత వర్సెస్ వెంకటసుబ్బయ్య కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నారు. కాపురానికి రానన్న భార్యని రమ్మని కోర్టు ఆదేశించే సెక్షన్ అది. అలా ఆదేశించడం ఆమె శరీరం మీద, బిడ్డని కనాలా వద్దా అన్న నిర్ణయం మీద రాజ్యం చెయ్యి వెయ్యడమేనని, అది ఆమె గోప్యతకు భంగమని ఆయన వాదం. గోప్యతను ఇంటి గోడల నుంచి విడదీసి, ఆ గోడల మధ్య ఉన్న స్త్రీకి అప్పగించిన తీర్పు అది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు దానికి ఎదురు తిరిగింది. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడం గాజుసామాన్ల కొట్లోకి ఆంబోతుని తోలడం లాంటిదన్న ధోరణిలో రాసింది. 1984లో సుప్రీంకోర్టు ఢిల్లీ మాటే ఖాయం చేసింది. సరిత తీర్పు ఒక్క ఏడాది బతికింది.

కానీ దాని దారం తెగలేదు. 2004లో హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు వర్సెస్ కెనరా బ్యాంకు కేసు వచ్చింది. స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం, కలెక్టరు పంపిన ఏ మనిషైనా బ్యాంకుకు వెళ్ళి ఖాతాదారుల కాగితాలు తిరగేయొచ్చు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. గోప్యత మనుషులది, స్థలాలది కాదు అంది. నమ్మకంతో బ్యాంకుకు ఇచ్చిన కాగితం మీద ఇచ్చిన మనిషి హక్కు పోదు అంది. కారు కంపెనీ సర్వర్లో ఉన్న మన తిరుగుళ్ళ లెక్కకి ఇంతకన్నా దగ్గరి పోలిక ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ తర్వాత 2008 నాటి లా రిపోర్టుల్లో ఇంకో కేసుంది. అమెరికాలో ఉండగా భార్య ఫోను సంభాషణలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసి, విడాకుల కేసులో హార్డ్‌డిస్క్ సాక్ష్యంగా పెట్టాడొక భర్త. అది చట్టవిరుద్ధమని, భర్త అయినా సరే ఆమె గోప్యతకు భంగమేనని మన హైకోర్టు చెప్పింది.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. ఇంటి గోప్యత పేరుతో స్త్రీల మీద హింసని కప్పెట్టడం గురించి స్త్రీవాదులు ఎప్పటినుంచో చెబుతున్న అభ్యంతరాన్ని అందులో ప్రస్తావించారు కూడా. మంచిదే. అయితే 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకో మాటంది. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణని విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని. ఒకరిపై ఒకరు నిఘా పెట్టుకునే దాకా వస్తే ఆ పెళ్ళి అప్పటికే విరిగిందని అర్థం అన్నారు. నిఘా పెట్టేవాళ్ళూ పెట్టించుకునేవాళ్ళూ సమాన బలంతో ఉన్నట్టు మాట్లాడడమే నాకు మింగుడుపడలేదు. కారు ఎవరి పేరున ఉంది, ఫోను బిల్లు ఎవరు కడతారు, యాప్ పాస్‌వర్డు ఎవరికి తెలుసు? మన ఇళ్ళలో చాలావాటికి జవాబు ఒకటే. ఇక రేపు ఇలాంటి కేసుల్లో హార్డ్‌డిస్క్ బదులు కారు తిరిగిన మ్యాపులు వస్తాయి.

ఇక్కడ మన ఉద్యమాల పాత్రనీ దాటవెయ్యకూడదు. 2012 డిసెంబరు ఢిల్లీ బస్సు, 2013 అక్టోబరులో హైదరాబాదు క్యాబు, 2019 నవంబరులో శంషాబాదు. ప్రతిసారీ వీధుల్లోకి వెళ్ళి భద్రత అడిగాం. ప్రతిసారీ జవాబుగా వచ్చింది ఒక పరికరం. 2019 జనవరి నుంచి కొత్త ప్రజా రవాణా వాహనాల్లో లొకేషన్ పరికరం, అత్యవసర బటన్ తప్పనిసరి చేశారు. ఆటోలకు మినహాయింపు. మిరప కోతలకు, పత్తి తీతలకు పొద్దున్నే ముఠాలుగా బయల్దేరే కూలి స్త్రీలు ఎక్కేది ఆటోలే! 2020 నవంబరులో విశాఖపట్నంలో ‘అభయం’ పేరుతో నిర్భయ నిధులతో ఆటోలకూ పరికరాలు పెట్టడం మొదలుపెట్టారు. అత్యవసర బటన్ వద్దని నేను అనను. రాత్రి పదింటికి ఒంటరిగా ఆటో ఎక్కిన ఏ ఆడపిల్లా అనదు. కానీ ఆపదలో తను నొక్కే బటన్ వేరు, ఆమె ఏమీ నొక్కకుండానే రోజంతా ఆమె గురించి వేరొకరికి చెప్పే యంత్రం వేరు. మొదటిది ఆమె చేతిలో ఉంటుంది. రెండోదాన్ని కూడా మొదటిదాని పేరుతోనే అమ్ముతున్నారు. ఆ తేడాని మనమే గట్టిగా చెప్పలేదు.

అమెరికాలో లూసియానా రాష్ట్రంలో ఒక స్త్రీ, భర్త హింస నుంచి విడిపోయాక, తన మెర్సిడెస్ కారు ద్వారా అతను తన జాడ తెలుసుకుంటున్నాడని గుర్తించి కంపెనీకి ఫోను చేసింది. కారు వాడకం కోర్టు ఆమెకే అప్పగించింది. అయినా కాగితాల్లో భర్త పేరుంది కాబట్టి వాడకందారు ఆయనే, మేమేం చెయ్యలేమన్నారట. 2023 డిసెంబరు చివర్లో ఈ కథ పత్రికలకెక్కింది. 2024లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. గృహహింస బాధితురాలు తగిన పత్రాలతో అడిగితే కంపెనీ రెండు పనిదినాల్లో అవతలి మనిషికి కారు యాప్ అందకుండా తెంచెయ్యాలి.

మనకు 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు, ముఖ్యమైన బాధ్యతలు 2027లో గానీ అమలులోకి రావు. అందులో 3వ సెక్షన్‌లో ఒక చిన్న మినహాయింపు ఉంది. ఒక వ్యక్తి తన సొంత, లేక గృహ అవసరానికి వాడుకునే సమాచారానికి ఈ చట్టం వర్తించదు. విందు ఫోటోలు పంచుకున్నందుకు కేసులు పడకూడదు కదా, అందుకు పెట్టి ఉంటారు. కానీ భర్త భార్య కారు జాడ చూసుకోవడం కూడా ‘గృహ అవసరం’ కిందికే జారిపోతుంది. 2005 గృహహింస చట్టం, గృహంలో జరిగేది చట్టానికి పట్టదన్న మాటని కొట్టెయ్యడానికి మనం పోరాడి తెచ్చుకున్నది. పద్దెనిమిదేళ్ళకు అదే గృహం ఇంకో చట్టంలో మినహాయింపుగా తిరిగొచ్చింది. స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకం మీద కన్నేసి ఉంచడం 2013 నుంచి వెంటాడే నేరం కింద ఉంది. కారు యాప్ దానిలోకి వస్తుందా రాదా అన్నది ఎవరో ఒక స్త్రీ కోర్టుకెక్కి వాదించుకోవాలి.

ఆ లెక్చరర్ ఇప్పుడు సొంత కారు కోసం చిట్టీ కడుతోంది. పోయిన నెల విజయవాడలో ఒక షోరూముకి వెళ్ళింది. రుణం తన జీతం మీద, రిజిస్ట్రేషన్ తన పేరున అని ముందే చెప్పింది. అన్నీ అయ్యాక అక్కడి కుర్రాడు యాప్ ఖాతా తెరవడానికి ట్యాబు తీసి, నవ్వుతూ అడిగాడట: “సార్ నంబరు చెప్పండి మేడమ్.”